సుద్దరాయి చెప్పు భూచరిత్ర

గ్రామములో నుయ్యి త్రవ్వించిన అనుభవము పంచాయతీ సభ్యులలో చాలమందికి కలదు. పైన సాగుమట్టి, దాని క్రింద గరుసు, తరువాత ఇసుకయో బంకమన్నో, అటు పిమ్మట రాయి, ఇట్లు ఒకదాని క్రింద నొకటిగా పొరలు బయటపడుచుండును. నీరు పడినదా లేదా అను విషయము మీదనే మన దృష్టి యంతయు నిలిచియుండుటచే, పైకి తీసిన మన్ను గట్టుపై కుప్పగా పడి వానలకు కరిగిపోవును. ఏ పొర ఎన్ని అడుగుల లోతున తగిలినదో రెండేండ్ల తరువాత చెప్పగలవారుండరు.

అట్లు పోగొట్టుకొనుచున్న మంటిలో ఆ నేల ఏ కాలమున, ఏ విధముగా ఏర్పడినదో తెలుపు సాక్ష్యము ఉండవచ్చును. కొన్నిచోట్ల ఆ సాక్ష్యము కంటికి ఆననంత చిన్నది. దానినే శాస్త్రజ్ఞులు సూక్ష్మ శిలాజములందురు. పూర్వకాలపు అతి చిన్న జీవుల గుల్లలు రాతిలో నిలిచిపోయి సూక్ష్మ శిలాజములైనవి. వీటిని గూర్చిన విజ్ఞానము సుద్దరాయిని పరిశీలించుటచే బాగుగా వృద్ధిపొందినది. కనుక ఆ కథనే ఈ పాఠములో చెప్పుకొందము. మొదటినుండి చివరివరకు మనము గుర్తుంచుకొనవలసిన మాట ఒకటి కలదు: శిలాజము ఏ చోట, ఏ లోతున దొరికినదో వ్రాసియుంచినపుడే అది సాక్ష్యమగును. లేనిచో అది వట్టి మట్టితో సమానము.

సుద్దరాయి యనగా నేమి?

బడిలో నల్లబల్లపై వ్రాయు ముక్కను మనము సుద్దముక్క యనుచున్నాము. నేడు బజారులో దొరకు సుద్దముక్కలు పెక్కు జిప్సము అను ఖనిజముతో చేసినవి. గ్రామములలో గోడలకు పూయు తెల్లసుద్ద చాలచోట్ల ఒకవిధమగు తెల్లని బంకమన్ను. మనము చెప్పుకొనుచున్న సుద్దరాయి ఈ రెండును కాదు. అది మెత్తని, తెల్లని సున్నపురాయి. దానిపై నిమ్మరసము చుక్కలు వేసినచో సన్నని బుడగలు లేచును. జిప్సముపైగాని, తెల్లబంకమన్నుపైగాని అట్లు లేవవు. బడిపిల్లలచే ఈ పరీక్షను సులభముగా చేయించవచ్చును.

ఇంగ్లండు దక్షిణభాగమునందు, ఫ్రాన్సు ఉత్తరభాగమునందు, డెన్మార్కునందు, జర్మనీ తీరమందలి ర్యూగెన్ ద్వీపమునందు ఈ రాయి విస్తారముగా కలదు. ఇంగ్లండులోని డోవరు రేవువద్ద సముద్రమునుండి నిట్టనిలువుగా లేచు తెల్లని కొండచరియలు ఈ రాతివే. కొన్నిచోట్ల ఈ పొరల మందము 300 మీటర్లకు మించియున్నది. సుమారు 10 కోట్ల సంవత్సరముల క్రిందటినుండి 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందటివరకు ఇది వెచ్చని సముద్రముల అడుగున పేరుకొనినది. లాటిన్ భాషలో సుద్దకు ‘క్రెటా’ యని పేరు. అందువలననే 1822లో బెల్జియము దేశపు భూవిజ్ఞాని డోమాలియస్ డాల్వా ఈ పొరలకు సుద్దపేరు పెట్టెను. అదియే నేడు క్రెటేషియస్ యుగమని వాడుకలో నున్నది.

నత్తగుల్లలను కాల్చి గుల్లసున్నము తీయుట మన గ్రామములలో పూర్వమునుండి తెలిసిన పని. సుద్దరాయి కూడ గుల్లల రాశియే. అయితే ఈ గుల్లలు నత్తలవి కావు. ఒకే ఒక కణముతో జీవించు ప్రాణులవి. వానిలో ముఖ్యమైనవి రెండు తెగలు.

మొదటి తెగ ఫొరామినిఫెరా. ఇవి తమచుట్టు సున్నపుగుల్లను కట్టుకొనును. పెరిగినకొలది ఒక గదికి మరియొక గదిని చేర్చుకొనుచు పోవును. గుల్ల సాధారణముగా మిల్లీమీటరులో పదియవ వంతునుండి సగమువరకు ఉండును. సన్నని ఇసుకరేణువంత యనవచ్చును.

రెండవ తెగ నాచుజాతికి చెందిన ఏకకణ జీవులు. ఇవి సముద్రపు పైనీటిలో సూర్యకాంతిని గ్రహించి బ్రతుకును. ఒక్కొక్క కణము తనచుట్టు సున్నపు బిళ్లలను కవచమువలె అమర్చుకొనును. ఆ బిళ్లలకు కోకోలిత్తులని పేరు. ఇవి మిల్లీమీటరులో వేయవ వంతులు రెండు మొదలు పదివరకు మాత్రమే యుండును. వేయవ వంతులు ఐదు గల బిళ్లలను ప్రక్కప్రక్కన పేర్చినచో ఒక్క మిల్లీమీటరు పొడవున 200 బిళ్లలు పట్టును. సుద్దరాతిలో అధికభాగము ఈ బిళ్లలే.

ఇంత తేలికయైన బిళ్ల సముద్రపు అడుగునకు ఎట్లు చేరును? ఒంటరిగా దిగవలసియున్నచో దానికి దీర్ఘకాలము పట్టును. కాని రొయ్యజాతికి చెందిన చిన్న జీవులు ఈ నాచును తిని, సున్నపుబిళ్లలను మలముతోపాటు చిన్న ఉండలుగా విసర్జించును. ఆ ఉండలు బరువైనవి కనుక త్వరగా అడుగునకు దిగును. ఈ విధముగా వేయి సంవత్సరములకు ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున మడ్డి పేరుకొని, పైబరువునకు అణగి, సుద్దరాయి యైనది. వేయేండ్లకు ఒక్క సెంటీమీటరు మిగిలినను మూడుకోట్ల సంవత్సరములకు 300 మీటర్లగును. చిన్న పనియైనను ఆగక సాగినచో ఎంతటిదగునో ఈ లెక్క తెలుపుచున్నది.

ఈ విషయము ఎట్లు బయటపడినది?

1836లో జర్మను శాస్త్రజ్ఞుడు ఎహ్రెన్‌బర్గు ర్యూగెన్ ద్వీపపు సుద్దను సూక్ష్మదర్శినిలో చూచి, అందు గుండ్రని చిన్న బిళ్లలున్నవని గమనించెను. అయితే అవి జీవుల వలన కలిగినవి కావనియు, రాతిలో తమంతట ఏర్పడినవనియు ఆయన తలచెను.

1857లో బ్రిటిషు నౌక సైక్లాప్సు ఐర్లండుకును న్యూఫౌండ్‌లండుకును నడుమ అట్లాంటిక్ సముద్రపు లోతును కొలిచెను. సముద్రగర్భమున తంతితీగ వేయుటకు అడుగు నేల యెట్టిదో తెలియవలసియుండెను. పదివేల అడుగులకు మించిన లోతులనుండి తెచ్చిన మడ్డిని థామస్ హెన్రీ హక్స్‌లీ అను జీవశాస్త్రజ్ఞునికి పంపిరి. అందులో ఫొరామినిఫెరా గుల్లలు రాశులుగా నుండెను. వానితోపాటు చిన్న బిళ్లలును ఉండెను. ఆ బిళ్లలకు 1858లో కోకోలిత్తులను పేరు పెట్టినది హక్స్‌లీయే. కాని అవి జీవసంబంధమైనవని ఆయన కూడ అప్పుడు నిశ్చయింపలేదు.

ఆ చిక్కును మరిద్దరు విడదీసిరి. 1860లో వాలిచ్ అను వైద్యుడు సముద్రపు మడ్డిలో ఈ బిళ్లలు బంతివలె ఒకటిగా కూడియుండుటను చూచెను. 1861లో సార్బీ అను శాస్త్రజ్ఞుడు సుద్దరాతిలోని బిళ్లలను శ్రద్ధగా పరిశీలించి, అవి బల్లపరుపుగా గాక వంపు కలిగియున్నవనియు, బంతిపై అతుకుకొనుటకు తగియున్నవనియు, రాతిలో తమంతట పేరుకొనిన వస్తువునకు అట్టి వంపు రాదనియు చూపెను. సముద్రము అడుగున నేడు పేరుకొనుచున్న మడ్డియు, కొండలలోని సుద్దరాయియు ఒకే జాతివని దీనివలన తేలినది. నేడు పొలములు, ఊళ్లు ఉన్న నేల ఒకనాడు సముద్రగర్భమై యుండెనని ఒప్పుకొనక తప్పలేదు.

1868లో హక్స్‌లీ ఇంగ్లండులోని నార్విచ్ పట్టణమున ఈ విషయముపై ఒక ఉపన్యాసమిచ్చెను. శ్రోతలు పండితులు కారు, ఆ పట్టణపు శ్రామికులు. ఆయన తన మాటను ఆ ఊరి మధ్య నుయ్యి త్రవ్వినచో ఏమి తగులునను ప్రశ్నతోనే ప్రారంభించెను. త్రవ్వువానికి తగులునది సుద్ద. ఆ సుద్దనుండియే ఆయన భూమి చరిత్రనంతయు వివరించెను. గొప్ప శాస్త్రవిషయమును కూలిపనివారికి తమ ఊరి బావి ద్వారా బోధింపవచ్చునని ఆ ఉపన్యాసము నిరూపించినది.

పొరపాటును దిద్దుకొనుట

అదే 1868లో హక్స్‌లీ మరియొక విషయమును ప్రకటించెను. సైక్లాప్సు తెచ్చిన మడ్డిని సీసాలలో సారాయముపోసి భద్రపరచియుండిరి. పదేండ్ల తరువాత దానిని చూడగా జిగటవంటి పదార్థము కనబడినది. సముద్రగర్భమంతట పరచుకొనియున్న ఆదిమజీవ పదార్థము ఇదియే కావచ్చునని తలచి ఆయన దానికి బాతిబియస్ అని పేరు పెట్టెను. తరువాత 1872 నుండి 1876 వరకు ప్రపంచ సముద్రములను పరిశోధించిన ఛాలెంజరు నౌకపై బ్యూకానన్ అను రసాయనజ్ఞుడు అసలు సంగతిని కనుగొనెను. సముద్రపు నీటిలో సారాయము కలిపినపుడు జిప్సము జిగురువలె పేరుకొనును. ఆ జిగట జీవి కాదు, సీసాలో పుట్టిన పదార్థము. ఈ వార్త 1875లో తెలియగానే హక్స్‌లీ తన పొరపాటును బహిరంగముగా అంగీకరించెను.

ఈ వృత్తాంతము మనకు రెండు విషయములు నేర్పును. నమూనాను ఎట్లు తీసితిమో, దేనిలో నిలువచేసితిమో అదియు చరిత్రలో భాగమే. ఎంతటివారి మాటయైనను పరీక్షకు నిలువవలెను.

పరిశీలించు విధానము

ఫొరామినిఫెరాను చూచుటకు మొదట రాతిముక్కను మెల్లగా చిదిపి నీటిలో నానవేయుదురు. మెత్తబడిన మడ్డిని మిల్లీమీటరులో ఇంచుమించు పదునారవ వంతు కన్నములుగల సన్నని జల్లెడలో కడుగుదురు. బురద కొట్టుకొనిపోయి గుల్లలు మిగులును. వానిని ఆరబెట్టి, సూక్ష్మదర్శిని క్రింద పరచి, తడిపిన సన్నని కుంచె కొనతో ఒక్కొక్కదానిని ఏరి జాతులవారీగా అమర్చుదురు. ఒక నమూనానుండి వందలాది గుల్లలను ఏరవలసియుండును. ఒక నమూనా ముగిసిన వెంటనే జల్లెడను శుభ్రముగా కడుగవలెను. క్రిందటి నమూనానుండి మిగిలిన ఒక్క గుల్లయైనను తప్పుడు సాక్ష్యము చెప్పును.

కోకోలిత్తులు అంతకన్న చిన్నవి కనుక జల్లెడలో నిలువవు. చిటికెడు సుద్దను నీటిచుక్కలో కలిపి గాజుపలకపై పలుచగా పూసి, ఆరబెట్టి, వేయిరెట్లు పెద్దదిగా చూపు సూక్ష్మదర్శినిలో చూచెదరు. ప్రత్యేకమైన వెలుతురులో అవి నల్లని శిలువ గుర్తుగల తెల్లని చక్రములవలె మెరయును. ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత వాని నిర్మాణమంతయు స్పష్టపడినది.

ఈ చిన్న జీవులు కాలమును చెప్పునది యెట్లు? పొరలు తారుమారు కానిచోట క్రిందిపొర పాతది, పైపొర క్రొత్తది. ఒక్కొక్క జాతి ఒక కాలమున పుట్టి, కొంతకాలము వర్ధిల్లి, నశించినది. సముద్రపు పైనీటిలో తేలియాడునవి కనుక దూరదేశములవరకు వ్యాపించినవి. కనుక రెండు దేశములలోని రెండు పొరలలో అదే జాతుల సమూహము కనబడినచో ఆ రెండును ఒకే కాలమునకు చెందినవని చెప్పవచ్చును.

బావులలోను, సొరంగములోను ఉపయోగము

లోతైన నూనెబావి త్రవ్వునపుడు ఉలి పెద్ద శిలాజములను నుగ్గుచేయును. సూక్ష్మ శిలాజములు మాత్రము చిన్నవగుటచే చెక్కుచెదరక పైకి వచ్చును. అమెరికాలోని టెక్సాసు, లూయిసియానా ప్రాంతములలో ఎస్తరు ఆప్లిన్, ఆల్వా ఎలిసర్, హెడ్విగ్ నైకర్ అను ముగ్గురు స్త్రీలు ఈ పద్ధతిని చమురుబావులకు వర్తింపజేసి 1925లో తమ ఫలితములను ప్రచురించిరి. ఒక బావిలోని పొర మరియొక బావిలో ఎంత లోతున నున్నదో దీనివలన తెలుసుకొనుట సాధ్యమైనది.

ఇందొక చిక్కు కలదు. త్రవ్వుచుండగా పైపొరల మన్ను జారి క్రిందిమన్నుతో కలిసి పైకి వచ్చును. అందుచే ముక్కల నమూనాలలో లోతుకు పోయినకొలది పాతజాతులతోపాటు క్రొత్తజాతులును కనబడును. కనుక పైనుండి దిగునపుడు ఒక జాతి మొట్టమొదట ఏ లోతున కనబడినదో దానినే ప్రధానముగా నమ్ముదురు. లోతు వ్రాయని నమూనాకు ఈ లెక్కలో స్థానమే లేదు.

ఇంగ్లండు, ఫ్రాన్సులను సముద్రము క్రింద కలుపు సొరంగము 1994లో ప్రారంభమైనది. సుమారు 50 కిలోమీటర్ల ఆ సొరంగములో 38 కిలోమీటర్లు సముద్రగర్భమున నున్నది. సుద్దరాతిలో బంకమన్ను కలిసిన ఒక పొర నీటిని అంతగా దిగనీయదు, త్రవ్వుటకును అనుకూలము. ఆ పొరను విడువకుండ పోవలెను. సముద్రములో వేసిన బోర్ల నమూనాలలోని ఫొరామినిఫెరాను పరీక్షించి, ఆ పొర ఎక్కడ ఎత్తుగా, ఎక్కడ లోతుగా నున్నదో ముందుగా గుర్తించిరి.

డెన్మార్కు తీరమునుండి గోదావరి తీరమునకు

డెన్మార్కులో స్టెవెన్సు క్లింటు అను సముద్రతీరపు చరియ కలదు. అందు క్రింద తెల్లని సుద్ద, దానిపై పలుచని నల్లని బంకమంటి పొర, దానిపై వేరొక సున్నపురాయి కనబడును. క్రింది సుద్దలో తేలియాడు జాతుల ఫొరామినిఫెరా పెక్కు విధములుగా నుండును. నల్లపొర దాటగానే వానిలో అత్యధికభాగము మాయమై, చిన్నవియగు కొద్ది జాతులే కనబడును. ఇది 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట జరిగిన మహావినాశమునకు గుర్తు. రాక్షసబల్లులు నశించినది అప్పుడే. 1980లో లూయీ ఆల్వరెజ్, వాల్టర్ ఆల్వరెజ్, ఫ్రాంక్ అసారో, హెలెన్ మైఖేల్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి పొరలలో ఇరిడియము అను లోహము అధికముగా నున్నదని చూపి, ఆకాశమునుండి పెద్ద శిల భూమిని ఢీకొనుటయే కారణమని ప్రతిపాదించిరి. ఆ చరియను 2014లో ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించిరి.

ఇంచుమించు అదే కాలమున మన దక్కను పీఠభూమిలో భూమి పగిలి లావా ప్రవహించినది. జీవుల వినాశములో దానికెంత పాత్ర యున్నదను ప్రశ్న ఉదయించినది. లావాలో గుల్లలుండవు కనుక, లావాపొరల నడుమ చిక్కిన సముద్రపు మడ్డి కావలెను. అట్టి స్థలము రాజమహేంద్రవరము ప్రాంతమున నున్నది. అక్కడి క్వారీలలో క్రింద నొక నల్లరాతి పొర, పైన నొక నల్లరాతి పొర, నడుమ సముద్రతీరపు మడ్డి కలవు. గెర్టా కెల్లరు, భారతీయ శాస్త్రజ్ఞుడు సునీల్ బాజ్‌పాయి మొదలగువారు ఆ నడిమిపొరలోని ఫొరామినిఫెరాను పరిశీలించి 2008లో ఫలితములను ప్రకటించిరి. ఆ జాతులు మహావినాశము జరిగిన వెనువెంటనే బయలుదేరినవి. కనుక వాని క్రిందనున్న లావా అంతకు ముందే పారినదని తేలినది. 2011లో కృష్ణా గోదావరి ప్రాంతమున చమురు, సహజవాయు సంస్థవారు త్రవ్విన లోతైన బావుల నమూనాలపైనను ఇట్టి పరిశీలన వెలువడినది. వినాశమునకు ముఖ్యకారణమేదను చర్చ ఇంకను సాగుచున్నది. కాని ఆ చర్చలో గోదావరి తీరపు క్వారీయు, గోదావరి ప్రాంతపు బావులును సాక్షులుగా నిలిచినవి.

ఇందు గమనింపదగినది కలదు. చమురుకొరకు తీసిన నమూనాలను లోతువారీగా గుర్తువేసి దాచియుండుటచేతనే అవి పిమ్మట ఈ పనికి అక్కరకు వచ్చినవి. గట్టుపై పారవేసియున్నచో ఏ శాస్త్రజ్ఞుడును వానిని తిరిగి క్రమపరచలేడు. క్వారీ విషయమును అట్టిదే. రాయి తీసికొని పోవుట తప్పు కాదు. కాని పొరలన్నియు కనబడు ముఖభాగమును పూర్తిగా తవ్వివేసినచో, ఆ పుట మరల దొరకదు.

మన పంచాయతీలు చేయదగిన పని

ఇంగ్లండులోవంటి సుద్దకొండలు మన గ్రామములలో కానరావు. తెలంగాణములోను, రాయలసీమలోను పెక్కుచోట్ల నేల క్రిందనున్నది అతి ప్రాచీనమైన కఠినశిల. అందు ఇట్టి గుల్లలుండవు. అయినను లోతు వ్రాసియుంచుట అచ్చటను మేలే. గరుసు ఎంతవరకు ఉన్నదో, గట్టిరాయి ఎక్కడ మొదలైనదో, నీరు ఏ లోతున పడినదో తెలిసినచో, ప్రక్కపొలమున బోరు వేయదలచిన రైతు వ్యర్థవ్యయమునుండి కొంతవరకు తప్పించుకొనగలడు. కావున ఈ క్రింది పనులను పంచాయతీలు చేపట్టవలెనని మేము కోరుచున్నాము.

1. పంచాయతీ ఖర్చుతో బావిగాని, బోరుగాని వేయించునపుడు ప్రతి పది అడుగులకు, మంటి రంగు మారినచోటనెల్ల, గుప్పెడు మన్ను వేరువేరు సంచులలో తీయించవలెను. గ్రామము పేరు, సర్వే నెంబరు, లోతు, తేది ఒక చీటిపై పెన్సిలుతో వ్రాసి అందులో వేయవలెను. ఒక సంచికి చీటి వేసిన తరువాతనే రెండవ సంచి తెరువవలెను.

2. ఈ వివరములను ఒక పుస్తకములో వరుసగా ఎక్కించి పంచాయతీ కార్యాలయమున ఉంచవలెను. గ్రామములోని రైతులు కోరినపుడు చూపవలెను.

3. క్వారీలో గుల్లలుగల రాయిగాని, రెండు నల్లరాతి పొరల నడుమ సున్నపుపొరగాని కనబడినచో ముక్కలు విరిచి పంచుకొనక, ఉన్నచోటనే ఉంచి తెలియజేయవలెను. 1851లో స్థాపితమైన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు హైదరాబాదులో దక్షిణ ప్రాంతీయ కార్యాలయము కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూవిజ్ఞాన శాఖ కలదు. వీలైనచో పొరలు కనబడు ఒక ముఖమును త్రవ్వక విడిచిపెట్టుటకు క్వారీదారుతో మాటలాడవలెను.

4. సముద్రతీర గ్రామములలోని ఉపాధ్యాయులు తీరపు ఇసుకను బడి సూక్ష్మదర్శినిలో పిల్లలకు చూపవలెను. నేటి ఫొరామినిఫెరా గుల్లలు అందు కనబడవచ్చును.

5. ఈ గుల్లలకు బజారులో ధర లేదు. నిధి దొరికినదను వదంతులకు తావీయరాదు. పాడుబడిన బావులలోనికి, క్వారీ అంచులకు పిల్లలను పోనీయరాదు.

ఈ పనులకు పెద్ద వ్యయము లేదు. కొన్ని సంచులు, ఒక పెన్సిలు, ఒక పుస్తకము చాలును. కావలసినదెల్ల త్రవ్వుచున్న రోజున గట్టుపై నిలిచి వ్రాయు ఒక మనిషి. గ్రామపు భూములకు అడంగలు ఉన్నట్లే, ఆ భూముల క్రిందిపొరలకును ఒక లెక్క యుండుట మంచిది. రాబోవు వేసవిలో మీ గ్రామమున వేయబోవు మొదటి బోరుతోనే ఆ లెక్కను ప్రారంభింపవచ్చును.